కలివికోడిని కనిపెట్టిందెవరు?

సంచికకు ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు అడిగితే "పక్షుల మీద రాస్తా"నన్నాను. "కవితా?" అన్నారు. కాదు, వ్యాసమన్నాను. "పోనీ ఫోటోలున్నాయా?" అన్నారు. లేవన్నాను. వారి ముఖాలు చూశాక మానేద్దామనిపించిన మాట నిజం. అయినా రాస్తున్నాను. ఓపిక లేనివారు పేజీ తిప్పి జోకుల శీర్షికకు వెళ్ళవచ్చు, నాకు కోపం రాదు.

మాది గుడివాడకూ కైకలూరుకూ మధ్య ఒక పల్లె. చుట్టూ వరి చేలు, వాటి వెనక జమ్ము పెరిగిన మురుగు కాలవ, ఆపైన ఏటేటా దగ్గరకు జరుగుతున్న చేపల చెరువులు. నాకు ఆరేడేళ్ళ వయసు నుంచీ, వానాకాలంలో, పొద్దు పొడవక ముందూ పొద్దు గూకే వేళా, ఆ చేలల్లోంచి ఒక కూత వినిపించేది. మొదట కోడి గొంతు సవరించుకున్నట్టు "కొక్ కొక్ కొక్" అని, ఆ తరువాత ఎవరో ఖాళీ బిందెను బోర్లించి అడుగున గుప్పిటితో కొట్టినట్టు "టుంబ్, టుంబ్, టుంబ్" అని. ఏమిటది తాతయ్యా అంటే "నీటికోడిరా" అనేవాడు. చూపించమంటే "అది కనపడేది కాదు, వినపడేది" అనేవాడు. తాతయ్య పోయాడు. కూత మాత్రం ఏటా వస్తూనే ఉంది.

ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ విజయవాడలో ఒక హాస్టల్లో గడిచాయి. అక్కడ పక్షి సంగతి దేవుడెరుగు, ఆకాశం కనబడితే గొప్ప. బి.ఎస్సీ.లో చేరిన ఏడాది మన లైబ్రరీలో సలీం అలీ గారి 'ఇండియన్ బర్డ్స్' పుస్తకం దొరికింది. 1941లో మొదటిసారి అచ్చయిన పుస్తకం అది. మన లైబ్రరీలో ఉన్న ప్రతికి అట్ట లేదు. తిప్పుతూ తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. నల్లటి ఒళ్ళు, ఎర్రటి కాళ్ళు, నుదుటి మీద కొమ్ములా పైకి లేచిన ఎర్రటి బిళ్ళ. గాలిక్రెక్స్ సినీరియా. కూత వర్ణన చదివితే మా తాతయ్య నీటికోడే. ఆ రోజు నాకు పట్టుకున్న పిచ్చి రెండేళ్ళు వదల్లేదు.

2023 వానాకాలంలో సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఇంటికి పరుగెత్తాను. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన దుర్భిణి మెడలో వేసుకుని, నాలుగింటికి లేచి, గట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాణ్ణి. దోమలు నన్ను చూశాయి, నేను మాత్రం కోడిని చూళ్ళేదు. కూత కుడివైపు వినబడితే అటు తిరిగేవాణ్ణి. ఆ వెంటనే అది ఎడమవైపు కూసేది. 2024లో సెప్టెంబరు వచ్చేసరికి బుడమేరు పొంగింది. విజయవాడ మునిగిన సంగతి అందరికీ తెలుసు; ఆ నీరు కొల్లేటికి దిగే దారిలో ఉన్న మా బోటి వాళ్ళ చేలు మునిగిన సంగతి కొందరికే తెలుసు. ఆ ఏడు కోడి లేదు, వరీ లేదు. అమ్మకి వేరే బెంగ పట్టుకుంది. "ఆ గట్టు మీదకి ఎవరైనా అమ్మాయి వస్తోందేంట్రా?" అని ఒకరోజు సూటిగానే అడిగింది.

2025 భాద్రపదంలో ఒక ఆదివారం, వాన వెలిసిన తెల్లవారుజామున, జమ్ముకూ వరికీ మధ్య ఉన్న ఖాళీలోకి అది వచ్చింది. నాటుకోడి అంత ఉంది. తోక ఎగరేస్తూ, మెడ ముందుకు చాపి, ఏదో అప్పు వసూలుకు వెళుతున్నట్టు నడిచింది. నుదుటి మీద ఎరుపు ఆ మబ్బు వెలుతురులో కూడా కొట్టొచ్చినట్టు కనబడింది. ఒకసారి ఆగింది. నావైపు చూసిందని నేననుకున్నాను. అది నత్తనో పురుగునో చూసి ఉంటుంది. తరువాత వరిలో కలిసిపోయింది. మొత్తం పదిహేను సెకన్లు. దుర్భిణి నా ఒళ్ళోనే ఉంది, ఎత్తాలని తోచనే లేదు.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన పళ్ళు తోముకుంటున్నారు. నోట్లో వేపపుల్ల తీసి, "ఓస్, అదా! నాట్లు పడ్డకాణ్ణుంచీ కోతల దాకా కనబడతానే ఉంటదిగా. దానికోసమా రెండేళ్ళు?" అన్నారు. తాతయ్య అలా చెప్పాడే అంటే, "మీ తాతకి కళ్ళు ఆనేవి కాదురా, అందుకని వినపడేదన్నాడు" అన్నారు. అంతటితో ఊరుకోక, ఆ వారం కలుపుకు వచ్చిన ఆడవాళ్ళకు కూడా చెప్పి నవ్వారు. వాళ్ళలో ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ఏ మడిలో గూడుందో చెయ్యి చాపి చూపించింది. దుబ్బుల మధ్య, ఆకులు వంచి, నీటికి జానెడు ఎత్తున కడుతుందట. గుడ్డు మీద ఇటికపొడి చల్లినట్టు మచ్చలుంటాయట. "మరి నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంటే ఆవిడ అన్నమాట ఇది: "నువ్వడిగితే గదయ్యా! మెళ్ళో ఆ గొట్టాలేసుకుని కూచుంటే పరీచ్చకి చదువుకుంటన్నావేమో అనుకున్నాం."

ఈ మాట నన్ను కొట్టినంతగా పరీక్షల్లో వచ్చిన ఏ మార్కూ కొట్టలేదు. రెండేళ్ళు నేను వెదికింది మా ఇంటివాళ్ళకూ మా చేలో పనిచేసేవాళ్ళకూ రోజూ కనబడేదాన్ని. పుస్తకాన్ని అడిగాను, దుర్భిణిని అడిగాను, ఫోన్‌లో కూతలు పోల్చే యంత్రాన్ని కూడా అడిగాను. వాళ్ళను మాత్రం అడగలేదు. ఎందుకడగలేదు? వాళ్ళకు తెలిసి ఉంటుందని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, వాళ్ళకు తెలిసినది "తెలియడం" కింద జమ అవుతుందని నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాది కోడిపెట్టంత కథ. మన రాష్ట్రంలోనే ఇదే కథ పెద్దయెత్తున జరిగింది.

కలివికోడి పేరు మీరు వినే ఉంటారు. కడప జిల్లా పొదల అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈనాడు జాడ తెలియని పక్షి. ఇంగ్లీషులో దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. థామస్ జెర్డన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు సేకరించిన పక్షి ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని వర్ణించాడు. ఆ తరువాత అడపాదడపా పెన్నా, గోదావరి లోయల్లో కనబడింది. 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. అంతే. ఆపైన ఎనభయ్యారేళ్ళ పాటు ఏ శాస్త్రజ్ఞుడికీ కనబడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు 1980లలో దానికోసం వెదకడానికి పూనుకున్నారు. భరత్ భూషణ్ గారు కడప వైపు తిరుగుతూ చేసిన తెలివైన పని ఏమిటంటే, పక్షి బొమ్మ చూపించి, ఆ అడవుల్లో తిరిగేవాళ్ళను, పిట్టలు పట్టేవాళ్ళను అడగడం. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దీపపు వెలుగులో ఒక పక్షిని ప్రాణంతో పట్టాడు. కలివికోడే! కబురు సలీం అలీ గారికి చేరింది. తొంభై ఏళ్ళకు దగ్గరపడుతున్న ఆ పెద్దాయన జీవితకాలంలో అంతకు మించిన కబురు మరొకటి ఉండి ఉండదని నేననుకుంటాను. ఆ మరుసటేడే, 1987లో, ఆయన కన్నుమూశారు. పట్టిన పక్షి మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. 1988లో తపాలాశాఖ వారు దాని బొమ్మతో బిళ్ళ వేశారు. ఆ ప్రాంతం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది.

దీన్ని పుస్తకాలన్నీ "పునరావిష్కరణ" అని రాస్తాయి. ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఎవరు పోగొట్టుకున్నారని ఎవరు ఆవిష్కరించారు? ఆ పక్షికి తెలుగులో పేరుంది. ఆ పేరులో చిరునామా కూడా ఉంది: కలివి పొదల్లో ఉండే కోడి. లాటిన్లో రైనోప్టిలస్ బైటార్క్వేటస్ అన్నారు. రొమ్ము మీద రెండు పట్టీలున్నాయని ఆ రెండో మాటకు అర్థం. పట్టీలు చూడాలంటే పక్షి చేతిలో ఉండాలి. కలివి పొద చూడాలంటే అడవిలో ఉండాలి. ఏ పేరు పెట్టినవాడు ఆ పక్షికి దగ్గరివాడో మీరే చెప్పండి.

జెర్డన్‌ను నేను తక్కువ చేయడం లేదు సుమా. ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు యానాదులను అడిగి ఎంతో తెలుసుకున్నాడు. 1862-64 మధ్య అచ్చయిన ఆయన పుస్తకంలో పక్షులకు లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. నూట అరవై ఏళ్ళ కింద ఒక తెల్లదొర రాసుకున్న తెలుగు పేర్లు, మన జువాలజీ మ్యూజియంలో గాజుబీరువా లోపల గడ్డి కూరిన పక్షుల కింద లేవు. అక్కడ లాటినూ ఇంగ్లీషూ ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్షలో "స్పాటర్" కింద గూడబాతును పెడితే పెలికానస్ అని రాస్తాం, మార్కు వస్తుంది. గూడబాతు అని రాస్తే రాదు. సెలవుల్లో అందరం ఆటపాక వెళ్ళి, పడవెక్కి, అదే గూడబాతుతో ఫోటో దిగి వస్తాం. అక్కడి పడవ నడిపే అతణ్ణి ఏమైనా అడిగారా ఎవరైనా? నేనూ అడగలేదు. ముందే ఒప్పుకుంటున్నాను.

తెలుగులో "కనిపెట్టడం" అనే మాట తమాషా అయినది. కొత్తదాన్ని కనుక్కుంటే కనిపెట్టామంటాం. పశువును, పసిబిడ్డను, చేలో నీటిని చూసుకుంటూ ఉండటాన్ని కూడా కనిపెట్టుకుని ఉండటమంటాం. మొదటి రకానికి పేపర్లో పేరు వస్తుంది. రెండోరకం వాళ్ళు లేకుండా మొదటిది జరగదు. కలివికోడి విషయంలో భూషణ్ గారు ఈ రెంటినీ కలిపారు గనుకనే పక్షి దొరికింది. ఐతన్న పేరు కూడా రికార్డులో నిలిచింది. అలా నిలవని ఐతన్నలు ఎందరో!

నా వాదానికి ఒక జవాబుంది, అది మన లెక్చరరు గారొకరు స్టాఫ్ రూములో నాకు చెప్పారు. "ఒరే అబ్బాయ్, నీటికోడి అని మీ ఊళ్ళో మూడు పిట్టల్ని అంటారు. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? పైగా మీ ఐతన్న పట్టిన పిట్ట చచ్చిపోయిందిగా!" రెండూ నిజమే. మా నాన్ననే తీసుకోండి. నీటికోడి గూడు ఎక్కడుంటుందో చెప్పగలరు. తీతువు ఇంటి మీదుగా అరిచిపోతే చావు కబురు వస్తుందనీ అదే నమ్మకంతో చెప్పగలరు. తెలిసినదీ తప్పూ ఒకే మూటలో కట్టి ఉంటాయి. అయితే ఆ మూట విప్పి వేరు చేయడానికే కదండీ సైన్సు చదువుతున్నది? మూటనే గుమ్మం బయట పెట్టి రమ్మంటే ఎలా?

కడపలో తరువాత జరిగినది చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ పక్షి రాత్రిపూట తిరిగేది, కంటికి ఆనదు. అంచేత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి అడుగుజాడలు చూసుకునేవారు. తాముగా ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. కూతను రికార్డు చేసి, దాన్ని వినిపించి, బదులు వస్తుందేమో చూశారు. మట్టిలో జాడ చూసి ఏ జీవం నడిచిందో చెప్పడం మన పల్లెల్లో గొర్రెల కాపరి చేసే పనే. దాన్నే కొలతలు పెట్టి, లెక్క రాసి, పదిమందీ నమ్మేటట్టు చేశారు. అలా తేలిందేమిటంటే, దానికి అడవి మరీ దట్టంగా ఉండకూడదు, మరీ బోడిగానూ ఉండకూడదు. పొదకూ పొదకూ మధ్య నడవడానికి నేల ఉండాలి. మందలు మితంగా మేస్తే అలాంటి అడవి నిలుస్తుంది, అతిగా మేస్తే పోతుంది, దున్నేస్తే అసలే ఉండదు.

ఇక్కడే నా గొంతులో వెలక్కాయ పడుతుంది. ఆ అడవికి పెద్ద గండం వచ్చింది కాలవ రూపంలో. తెలుగుగంగ. శ్రీశైలం నుంచి కృష్ణనీటిని కర్నూలు, కడప, నెల్లూరు మీదుగా మద్రాసుకు తీసుకుపోయే కాలవ. దానికి 1983లో ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్ళు అక్కడికి చేరాయి. 2005లో ఆ కాలవ పనుల తవ్వకం కలివికోడి తిరిగే నేలలోకి వచ్చింది. గొడవైంది, సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా పోయింది, చివరకు కాలవ దారి మార్చడానికి ఒప్పుకున్నారు.

నేను కృష్ణా కాలవ నీళ్ళతో పెరిగినవాణ్ణి. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తి కాకపోతే మా తాతముత్తాతలకు తిండి ఎక్కడిది? ఆ ఆనకట్ట పనికి ముందు మా నేల మీద ఏ పిట్టలుండేవో, ఏవి పోయాయో ఎవరైనా లెక్క రాశారా? అలాంటివాణ్ణి, కడప రైతుతో "నీకు కాలవ వద్దు, పిట్ట ముద్దు" అని ఏ నోటితో అనగలను? విజయవాడలో కూర్చుని, కుళాయి తిప్పుకుని, కడపవాళ్ళకు ప్రకృతి ప్రేమ బోధించే వ్యాసాలు చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒళ్ళుమంటతోనే ఇంకొకటి కూడా అంటాను. దారి మార్చడం సాధ్యమైంది. పిట్ట ఎక్కడ ఉందో తెలిసింది గనుక సాధ్యమైంది. తవ్వకం మొదలుపెట్టక ముందే ఆ అడవిలో మందలు తోలేవాణ్ణి అడిగి ఉంటే కోర్టు దాకా పోయే పనుండేది కాదేమో. కాలవా పిట్టా అన్న ప్రశ్న చాలాసార్లు ఆలస్యంగా అడగడం వల్ల వచ్చే ప్రశ్న.

2009 ప్రాంతం తరువాత మళ్ళీ ఆ పక్షి మాయమైంది. పదిహేనేళ్ళు దాటింది. ఈసారి నిజంగానే పోయిందన్నారు. 2025 ఆగస్టులో ఒక రాత్రి, కొందరు పక్షి ప్రేమికులకు ఆ ప్రాంతంలో దాని కూత వినబడింది, రికార్డు చేశారు. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నేను మా ఊరి బస్సులో ఉన్నాను. కళ్ళకు కనబడలేదు, చెవులకు వినబడింది. మా తాతయ్య మాట గుర్తొచ్చి, పక్క సీటాయన వింతగా చూసేటట్టు నవ్వుకున్నాను.

ఇక మన సంగతి. మన కాలేజీలో సగం మందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. దివిసీమ వాళ్ళున్నారు, బంటుమిల్లి వాళ్ళున్నారు, తిరువూరు మెట్ట వాళ్ళున్నారు. గేటు దాటగానే ఊరి మాట నాలిక కింద దాచుకుంటాం. లకుముకి పిట్ట అంటే నవ్వుతారని కింగ్‌ఫిషర్ అంటాం. (ఆ పేరంటే ఇంకా ఎక్కువ నవ్వుతారు, అది వేరే సంగతి.) 2018లో మన రాష్ట్రపక్షి మారిందని, పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయి మనకు రామచిలుక వచ్చిందని క్విజ్ పోటీల్లో ఠక్కున చెబుతాం. ఆ రామచిలుక మన హాస్టల్ వెనక ఏ చెట్టు తొర్రలో గూడు పెట్టిందో వంటమాస్టారికి తెలుసు, మనకు తెలియదు.

నేనడిగేది పెద్దదేమీ కాదు. జువాలజీ డిపార్టుమెంటులో ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టండి. సెలవులకు ఇంటికి వెళ్ళిన ప్రతివాడూ ఒక పిట్టనో చేపనో పురుగునో పట్టించుకుని, దాన్ని ఊళ్ళో ఏమంటారు, ఎప్పుడు కనబడుతుంది, ఎవరు చెప్పారు, అన్న నాలుగు ముక్కలు తెచ్చి అందులో రాయాలి. చెప్పినవారి పేరు తప్పనిసరిగా రాయాలి. ఒకే పేరుకు మూడు పిట్టలు వస్తే మరీ మంచిది, మన లెక్చరర్లకు పని దొరుకుతుంది. గాజుబీరువాలో లాటిన్ పేరు కింద తెలుగు పేరున్న చీటీ అంటించడానికి జిగురు ఖర్చు తప్ప మరేమీ కాదు. వార్షికోత్సవం వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ ఒకటి తగ్గిస్తే పుస్తకం ఖర్చు వచ్చేస్తుంది. ఆ ఫ్లెక్సీ మీద నా ఫోటో కూడా ఉంటుంది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

తొందరెందుకంటారా? చెబుతాను. నాకు గూడు చూపించిన పెద్దావిడ లాంటివాళ్ళు చేలోకి దిగేది కలుపుకు. మా చుట్టుపక్కల ఇప్పుడు కలుపుకు మనుషుల్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు, మందు కొట్టేస్తున్నారు. రైతును తప్పుపట్టలేను, కూలి ఖర్చు నాకు తెలుసు, మా ఇంట్లో లెక్కలు రాసేది నేనే. కానీ మందు కొడితే తుంగ ఒక్కటే పోదు. మడి మడీ వంగి వంగి చూసే కళ్ళు కూడా చేలోంచి వెళ్ళిపోతాయి. ఆ తరువాత గూడు ఉన్నా పోయినా చెప్పేవాళ్ళుండరు. చేపల చెరువు తవ్వితే ఇక అడగనే అక్కర్లేదు. మా పక్క చేనుకు ఈ వేసవిలో పొక్లెయిన్ వస్తుందని అనుకుంటున్నారు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నతో అన్నాను, జమ్ము వైపున్న ఆ రెండు మళ్ళకైనా వచ్చే సార్వాలో మందు కొట్టొద్దని, మనుషులతోనే తీయిద్దామని. కూలి ఎవడిస్తాడన్నారు. స్కాలర్‌షిప్పు డబ్బులో ఇస్తానన్నాను. ఆయన కాసేపు నావైపు చూసి, "చూద్దాంలే" అన్నారు. మా నాన్న "చూద్దాంలే" అంటే సగంసార్లు కాదని అర్థం, సగంసార్లు అవునని. జూన్‌లో కాలవకు నీళ్ళొదిలాక గానీ తేలదు.